దయ్యానికి హిట్ పాయింట్లు ఎందుకు?

రోల్ ప్లేయింగ్ ఆట ఆడించేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే చిక్కు ఇది. కథ భవిష్యత్తులో నడుస్తుంటుంది. ఊళ్లు కంపెనీల చేతుల్లోకి పోయాయి, నీళ్లు కొలిచి అమ్ముతున్నారు, మనుషుల ఒంట్లో సగం యంత్రాలే. ఇలాంటి లోకంలోకి ఒక బ్రహ్మరాక్షసుణ్ని దింపాలని గేమ్ మాస్టర్‌కు మనసవుతుంది. దింపాక రెండిట్లో ఒకటి జరుగుతుంది. అది నిజంగా బలమైనదైతే అరగంటలో జట్టంతా చస్తుంది, క్యాంపెయిన్ అక్కడితో సరి. దాని బలం తగ్గిస్తే నాలుగు బుల్లెట్లు ఎక్కువ తినే ఎలుగుబంటి మిగులుతుంది. టేబుల్ అవతలి నుంచి "అన్నా, దీనికి హెచ్‌పీ ఎంత?" అని ఎవరైనా అడిగారంటే భయం పోయినట్టే. హెచ్‌పీ అంటే హిట్ పాయింట్లు, చచ్చేలోపు ఎన్ని దెబ్బలు తట్టుకోగలదో చెప్పే అంకె.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌లు డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ను తెచ్చినప్పటి నుంచి ఈ ఆటల మూల పద్ధతి పెద్దగా మారలేదు. నలుగురైదుగురు ఒక టేబుల్ చుట్టూ చేరతారు. ఒక్కొక్కరిది ఒక్కో పాత్ర. గేమ్ మాస్టర్ కథ నడుపుతాడు, లోకంలో మిగతా అందరి పాత్రలూ ఆయనవే. ఏం చేస్తామో నోటితో చెప్తారు, మాటతో తేలనిదాన్ని పాచికలు తేలుస్తాయి. వారాలు, నెలలు సాగే కథ క్యాంపెయిన్. ఇంత తేలికైన ఏర్పాటులో అతీత శక్తిని ఎలా నిలబెట్టాలన్నదానికి ఒక్కో ఆట ఒక్కో జవాబు చెప్పింది. వాటిలో పనికొచ్చేవేవి, మన దగ్గర అంతకంటే మెరుగైనవి ఉన్నాయా అన్నది ఇక్కడి ప్రశ్న.

చూడటానికి ఒక స్థలం కావాలి. నేను హైదరాబాద్ పక్కనున్న చేవెళ్ల, మొయినాబాద్ తీసుకుంటాను. కాలం 2098 అనుకుందాం. చీకటి భవిష్యత్తు కోసం ఈ చోట పెద్దగా ఏమీ కల్పించనక్కర్లేదు. 1908 సెప్టెంబర్‌లో మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచెత్తాక, విశ్వేశ్వరయ్య సలహాతో రెండు జలాశయాలు కట్టారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. మొదటిదాన్ని అందరూ గండిపేట అనే అంటారు. రెండూ కలిపి ఏడు టీఎంసీలకు కాస్త తక్కువ. వాటిని కాపాడటానికి 1996 మార్చి 8న జీవో 111 వచ్చింది. జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో, కాలుష్య పరిశ్రమలకూ పెద్ద హోటళ్లకూ కాలనీలకూ అడ్డు గీత గీసింది. ఆ గీత లోపలే మొయినాబాద్ ఫామ్‌హౌస్‌లు, రిసార్ట్‌లు, ఫంక్షన్ హాళ్లు లేచాయి. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆంక్షలు సడలించారు, వాదన మాత్రం ఆగలేదు. ఇక చేవెళ్ల దారి. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా నలభై ఆరు కిలోమీటర్లు, ఆ దారి పొడుగునా తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్లు. రోడ్డు వెడల్పు పని ఈ చెట్ల కోసం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లి ఏళ్లకేళ్లు నిలిచిపోయింది. సైబర్‌పంక్ రచయిత ఎవరైనా ఊహించి రాస్తే మరీ అతిగా ఉందనేవాళ్లం.

ఇప్పుడు ఆటల సంగతి. మైక్ పాండ్‌స్మిత్ 1988లో తెచ్చిన సైబర్‌పంక్‌లో దయ్యాలే లేవు. ఒంట్లో లోహం పెరిగేకొద్దీ మనిషితనం పాయింట్లు తగ్గుతాయి, సున్నాకు చేరితే ఆ మనిషే రాక్షసుడు. నిజానికి ఇది గట్టి జవాబు. అతీత శక్తి ఎందుకు, మనిషి చాలడా అని అడుగుతుంది. అయినా ఆడేవాళ్లకు అది చాలలేదు. 1992లో మరో సంస్థ నైట్స్ ఎడ్జ్ పేరుతో ఆ లోకంలోకే రక్తపిశాచాలనూ మనుషుల్లా తిరిగే తోడేళ్లనూ తెచ్చింది. కోరిక ఎంత బలమైనదో దీన్నిబట్టే తెలుస్తుంది.

కెవిన్ సియెంబియెడా రిఫ్ట్స్ 1990లో వచ్చింది. దానిది మొరటు దారి. మామూలు దెబ్బకు నూరు రెట్లుండే మెగా డ్యామేజ్ అనే లెక్క పెట్టి, అతీత జీవుల్ని ఆ లెక్కలోకి చేర్చేశారు. మామూలు తుపాకీ వాటిని గీరను కూడా గీరదు. ఇక ఆయుధాల పోటీ మొదలైంది, రాక్షసుడికో సున్నా, ట్యాంకుకో సున్నా. దీన్ని నేను ఎవరికీ సిఫారసు చేయను. కానీ మరుసటేడు వచ్చిన వాంపైర్ కింగ్‌డమ్స్ అనే అనుబంధంలో ఒక ముచ్చటైన సంగతి ఉంది. లేజర్లకు చలించని రక్తపిశాచాలు పారే నీళ్లకు కాలిపోతాయి. కాబట్టి ఆ లోకంలో వేటగాళ్లు పిల్లల నీళ్ల తుపాకులూ, నీటి ఫిరంగులూ పట్టుకుని తిరుగుతారు. నవ్వొస్తుంది, ఆట కూడా బాగా నడుస్తుంది. దీన్నే గండిపేట పక్కకు తెచ్చి చూడండి. నీళ్లు లీటరు లెక్కన అమ్మే 2098లో, పిశాచం మీద చల్లడానికి బకెట్ నీళ్లు కావాలంటే ఎవరి కాళ్లు పట్టుకోవాలి? సున్నాలు చేర్చకుండానే పిశాచం బలం పదింతలైంది.

శాండీ పీటర్సన్ కాల్ ఆఫ్ క్తుల్హు (1981) మరో దారి తీసింది. లవ్‌క్రాఫ్ట్ కథల్లోని దైవాల్లాంటి జీవుల్ని తెచ్చి, వాటితో కొట్లాడటమే కుదరదని తేల్చింది. క్తుల్హు ఎదురైతే ప్రతి రౌండులో ఒకరి నుంచి ముగ్గురి దాకా ఎత్తుకుపోతుంది, ఎందరినన్నదే పాచిక చెప్తుంది. చూసినందుకే మతి పాయింట్లు నూరు దాకా పోవచ్చు. గేమ్ మాస్టర్లు దీన్నుంచి నేర్చుకున్న పాఠం సరైనదే: బలమైనదాన్ని చూపించకు, దాని నీడనూ భక్తుల్నీ చూపించు. కానీ చీకటి భవిష్యత్తుకు ఈ పద్ధతి అంతగా అతకదు. లవ్‌క్రాఫ్ట్ జీవులకు మనుషులంటే లెక్కలేదు. కంపెనీలు, జీవోలు, భూముల ధరలు ఉన్న కథలో ఆ లెక్కలేనితనం వల్ల మనుషులు చేసినవన్నీ చిన్నవైపోతాయి. వాటి ముందు చెరువు మింగినవాడికీ చెరువు కాపాడినవాడికీ తేడా ఉండదు. నాకు ఆ తేడా కావాలి.

వార్‌హామర్ 40,000 లోకంలో నడిచే డార్క్ హెరెసీ (2008) దీన్ని కొంత సరిచేసింది. అందులో మాంత్రిక శక్తి ఉన్నవాడు పాచికలు వేసినప్పుడు ఏదో ఒకదాని మీద తొమ్మిది పడితే చుట్టూ వింతలు మొదలవుతాయి, ఇంకా చెడు పడితే అవతలి లోకం తలుపే తెరుచుకుంటుంది. పిలిచినవాడొకడు, నష్టం అందరికీ. టేబుల్ మీద అందరూ ఊపిరి బిగబట్టే క్షణాలు ఇలాంటివే. మార్క్ రైన్‌హాగెన్ వాంపైర్ (1991) ఆటగాళ్లనే రాక్షసుల్ని చేసింది. గొప్ప ఆటే గానీ మన ప్రశ్నకు దూరం.

అన్నిటిలో దగ్గరగా వచ్చింది షాడోరన్. 1989లో ఎఫ్‌ఏఎస్‌ఏ సంస్థ తెచ్చిన ఆ ఆటలో 2011లో మాయ తిరిగి లోకంలోకి వస్తుంది, డ్రాగన్లు నిద్ర లేస్తాయి. లేచి కొండ గుహల్లో బంగారం మీద పడుకోవు. లోఫ్‌విర్ అనే డ్రాగన్ జర్మనీలోని ఎసెన్ నుంచి లోకంలోకెల్లా పెద్ద కంపెనీని నడుపుతుంది. డుంకెల్‌జాన్ అనే మరో డ్రాగన్ 2057లో అధ్యక్ష ఎన్నికల్లో గెలిచి, ప్రమాణం చేసిన రాత్రే హత్యకు గురవుతుంది. వీలునామాలో లోకానికంతా ఏవేవో రాసిపోతుంది, ఆ వీలునామా చుట్టూ ఏళ్ల తరబడి కథలు అల్లారు. ఆ లోకంలో వీధి మనుషులు ఒకరికొకరు చెప్పుకునే బుద్ధి, డ్రాగన్‌తో బేరం పెట్టుకోవద్దని. దాన్ని కాల్చొద్దని కాదు చూడండి, బేరం పెట్టుకోవద్దని. బలం రెక్కల్లో లేదు, కాగితం మీది షరతులో ఉంది.

ఇక్కడికి రాగానే తెలుగువాడికి ఇదంతా తెలిసిన దారిలాగే ఉంటుంది. మన కథల్లో రాక్షసుడికి హిట్ పాయింట్లు ఎప్పుడూ లేవు. ఉన్నవి వరం, శాపం, షరతు. హిరణ్యకశిపుడు నరుడి చేతా మృగం చేతా, పగలూ రాత్రీ, ఇంటా బయటా, నేల మీదా నింగిలోనూ చావు లేకుండా రాయించుకున్నాడు. అంత జాగ్రత్తగా రాయించుకున్న ఒప్పందంలోనూ సందు దొరికింది. భస్మాసురుణ్ని గెలిచింది ఆయుధం కాదు, అతని వరమే. బుర్రకథల్లో పదేపదే విన్న బాలనాగమ్మ కథలో మాయల మరాఠీ ప్రాణం ఒంట్లో ఉండదు, దూరాన చిలకలో ఉంటుంది. 1942లో జెమినీవాళ్లు దాన్ని సినిమాగా తీస్తే మరాఠీగా గోవిందరాజుల సుబ్బారావు జనాన్ని హడలగొట్టారు. 1951 పాతాళభైరవిలో ఎస్వీ రంగారావు నేపాళ మాంత్రికుడి శక్తి గడ్డంలో ఉంది. తోటరాముడి మిత్రుడు అంజి దాన్ని తీయించడానికి కత్తి దూయలేదు, మాట వాడాడు. అమెరికా ఆటలు యాభై ఏళ్లు పాచికలు వేసి చేరిన చోటికి మన అవ్వలు ఆరుబయట మంచం మీద పడుకునే చేరారు.

ఇంతకంటే లోతైనది ఘటోత్కచుడి కథ. ఇంద్రుడిచ్చిన శక్తి కర్ణుడి దగ్గర ఉంది, ఒక్కసారే వాడొచ్చు, దాన్ని అర్జునుడి కోసం దాచుకున్నాడు. రాత్రి యుద్ధంలో ఘటోత్కచుడు కౌరవ సేనను చీల్చి చెండాడుతుంటే గత్యంతరం లేక వాడేశాడు. ఆట కట్టేవాళ్లు ఈ ఘట్టాన్ని గోడకు అంటించుకోవాలి. రాక్షసుణ్ని చంపే మార్గం ఉంది, కానీ ఒక్కటే, అది వేరే దానికోసం దాచుకున్నది. జట్టుకు అలాంటి వస్తువు ఒకటిచ్చి, ఆఖరి శత్రువు ఎవరో ముందే చెప్పి, దారి మధ్యలో ఘటోత్కచుణ్ని నిలబెడితే ఆ వారం సెషన్‌లో పాచికలు ముట్టుకోకుండానే గంట గడిచిపోతుంది.

భేతాళుడు ఇంకో రకం. చందమామ చదివిన తరాలన్నిటికీ అతని షరతు తెలుసు: జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెప్తే మౌనం భంగమై శవంతో సహా చెట్టెక్కుతాడు. విక్రమార్కుడికి ఏ దారీ గెలుపు కాదు. అయినా ప్రతిసారీ చెట్టు దగ్గరికి పోతాడు. కొట్లాట లేకుండా రాక్షసుణ్ని వారం వారం తీసుకురావడానికి ఇంతకంటే పొందికైన నియమం నాకు ఏ రూల్‌బుక్‌లోనూ కనిపించలేదు.

తెలుగులో చీకటి భవిష్యత్తునూ అతీత శక్తినీ భారీ ఎత్తున కలిపిన ప్రయత్నం 2024 జూన్ 27న విడుదలైన కల్కి 2898 ఏడీ. నాగ్ అశ్విన్ కాశీని లోకంలో చివరి నగరం చేశాడు. పైన కాంప్లెక్స్‌లో నీళ్లు, పచ్చదనం, కింద దుమ్ము. అమితాబ్ బచ్చన్ అశ్వత్థామ ఇంచుమించు అజేయుడు, కానీ కృష్ణుడి శాపం చేత చావలేనివాడు, నుదుటి మణి పోగొట్టుకున్నవాడు, వేల ఏళ్లుగా ఒక్క పని కోసం ఎదురుచూస్తున్నవాడు. అతనితో ప్రభాస్ భైరవ కొట్లాట చాలాసేపు సాగుతుంది, కానీ సినిమాకు ప్రాణం అందులో లేదు. అశ్వత్థామ ఎందుకు చావలేకపోతున్నాడో, ఎవరిని కాపాడితే అతనికి విముక్తో తెలిసిన చోటే ఉంది. కమల్‌హాసన్ యాస్కిన్ దగ్గర మాత్రం పని కుదరలేదు, నా లెక్కలో. అతనికి కావలసింది శక్తి అని తెలుస్తుంది, ఎవరితో ఏ ఒప్పందం చేసుకుని అక్కడికి చేరాడన్నది తెలియదు. ఆట కట్టేవాళ్లు అశ్వత్థామను అరువు తెచ్చుకోండి, యాస్కిన్‌ను వదిలేయండి.

ఇక జాగ్రత్తలు. 1977లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ మాన్‌స్టర్ మాన్యువల్‌లో రాక్షసుడు అన్న పేరుతోనే ఒక జీవి ఉంది. పులితల, మాయవేషాలు, మంత్రించిన బాణం తగిలితే చావు. ఇది రామాయణంలోంచి వచ్చిందనుకుంటే పొరపాటు. 1974లో అమెరికాలో కోల్చాక్ అనే టీవీ సీరియల్‌లో ఒక రాక్షసుడు ఇలాంటి బాణంతోనే చస్తాడు, పోలిక అక్కడిది. మన రావణుడు మన దగ్గరికి టీవీ దారిలో తిరిగొచ్చాడన్నమాట. దానితో పేచీ లేదు. పేచీ 1980లో వచ్చిన డైటీస్ అండ్ డెమిగాడ్స్‌తో. అందులో ఇంద్రుడికీ అగ్నికీ కాళికీ కూడా హిట్ పాయింట్లు వేశారు. ఎక్కడో దూరాన పుస్తకంలో చదివేవాళ్లకు అది ముచ్చటే. మొయినాబాద్ మండలంలోనే చిలుకూరు బాలాజీ గుడి ఉంది. హుండీ లేదు, మొక్కుకుని పదకొండు ప్రదక్షిణలు, కోరిక తీరాక వచ్చి నూటెనిమిది. వీసాల కోసం వచ్చే కుర్రాళ్ల వరస ప్రతి వారాంతం చూడొచ్చు. చెరువు కట్టల మీద కట్టమైసమ్మ ఉంటుంది, ఆషాఢంలో బోనం ఎత్తుతారు. వీళ్లు జనం రోజూ దండం పెట్టుకునే దేవతలు. రాక్షసుల జాబితాలోకి వీళ్లను లాగడం తప్పు, ఆటగా చూసినా తెలివితక్కువ. కట్టమైసమ్మ మీద పాచికలు వేయమంటే, తాతల కాలం నుంచి బోనమెత్తే ఇంటి పిల్ల ఆ టేబుల్ దగ్గర్నుంచి లేచిపోతుంది, లేవాలి కూడా. దేవతను గీత గీసే చోట ఉంచవచ్చు. కట్ట మీదికి అడుగు పెట్టని రాక్షసుడు ఎందుకు పెట్టడో ఎవరికీ వివరించక్కర్లేదు.

చేతబడి, బాణామతిని నేనైతే ముట్టుకోను. యండమూరి తులసిదళం చదివి రాత్రుళ్లు నిద్రపోని తరం మాది, ఆ భయం రుచి నాకు తెలుసు. కానీ తెలంగాణ పల్లెల్లో బాణామతి చేస్తున్నారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు ఈ కాలంలోనూ వచ్చాయి. చచ్చినవాళ్లు ఎక్కువగా పేదలు, ఒంటరి ఆడవాళ్లు, ముసలివాళ్లు. ఫలానా ముసలమ్మ నిజంగానే చేస్తోందని ఆటలో తేలితే, చంపినవాళ్ల మాట నిజమని మనం ఒప్పుకున్నట్టే. అలాగే చేవెళ్ల రోడ్డు మీద ప్రమాదాలు ఎక్కువ. నిన్నమొన్న పోయినవాళ్లను మలుపులో దయ్యాలుగా నిలబెట్టకండి, వాళ్ల ఇళ్లు ఆ రోడ్డు పక్కనే ఉన్నాయి.

ఇవి మర్యాదలు. అసలు ప్రమాదం వేరే ఉంది, ఏ గేమ్ మాస్టర్ పుస్తకమూ దాన్ని గట్టిగా చెప్పదు. బలమైన రాక్షసుడు కథలోకి రాగానే మనుషుల తప్పులన్నీ తన నెత్తిన వేసుకుంటాడు. 2098లో గండిపేట ఎందుకు ఎండింది? అడుగున నిద్రపోయే ఒక ప్రాచీన జీవి తాగేసింది. మర్రిచెట్లు ఎందుకు కూలాయి? వాటిలోని పిశాచం కోపగించింది. ఇలా కథ అల్లితే, సంతకం పెట్టిన అధికారీ, కొన్న కంపెనీ, అమ్మిన నాయకుడూ హాయిగా ఊపిరి పీల్చుకుంటారు. చీకటి భవిష్యత్తు అన్న కథారకం మొదలైందే మనం చేసిన పనులు ఎక్కడికి పోతాయో చూపడానికి. దాన్ని దయ్యం మీదికి నెట్టేస్తే మిగిలేది వట్టి చీకటి.

అందుకే వరం, షరతు అన్న మన పద్ధతి ఇక్కడ బాగా పనికొస్తుంది. ఒప్పందం ఉంటే రెండో సంతకం ఉంటుంది. 1908 వరద గురించి ఇప్పటికీ చెప్పుకునే కథ ఒకటుంది: ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా స్వయంగా మూసీ ఒడ్డుకు వచ్చి నదికి చీర, సారె, ముత్యాలు సమర్పించి శాంతించమని వేడుకున్నాడట. పాలకుడు నదితో మాట ఇచ్చి పుచ్చుకున్నాడు. తర్వాత కట్టిన జలాశయాలను ఆ మాటకు కొనసాగింపుగా చదివితే, వాటిని పాడుచేసినవాళ్లు మాట తప్పినట్టు. మరో మాట కూడా ఉంది. 2008లో ప్రాణహిత చేవెళ్ల సుజల స్రవంతి మొదలైంది, 160 టీఎంసీల గోదావరి నీళ్లతో 16.40 లక్షల ఎకరాలు తడుపుతామన్నారు. 2016లో దాన్ని మార్చి కాళేశ్వరం చేశారు. ప్రాజెక్టు పేరులో ఉన్న చేవెళ్లకు నీళ్లు రాలేదు. రాని నీళ్ల పేరు పెట్టుకుని తొంభై ఏళ్లుగా తిరుగుతున్న ఒక జీవి, ఇచ్చిన మాటను వడ్డీతో వసూలు చేయడానికి వచ్చిందనుకోండి. అది ఎవర్ని వెతుక్కుంటూ వచ్చిందో ఆటగాళ్లకు చెప్పక్కర్లేదు, వాళ్లే వెతుకుతారు.

నేను కట్టిన జీవి ఒక బ్రహ్మరాక్షసుడు, మొయినాబాద్ దాటాక మిగిలిపోయిన ఒక మర్రి మీద ఉంటాడు. చదువుకున్న విద్యను దాచి దుర్వినియోగం చేసినవాడే బ్రహ్మరాక్షసుడవుతాడని పాత నమ్మకం. వీడు బతికుండగా నీటి లెక్కల ఇంజనీరు. జలాశయం నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు, అంటే ఎఫ్‌టీఎల్ గీత ఎక్కడుందో తెలిసి, వేరే చోట ఉందని మ్యాపు మీద సంతకం పెట్టాడు. ఆ కాగితం చెల్లుతున్నంతకాలం వాడికి చావు లేదు, బుల్లెట్లు, లేజర్లు, మంత్రాలు ఏవీ తగలవు. ఎఫ్‌టీఎల్ అసలు గీత లోపలికి వచ్చినవాణ్ని మాత్రం వాడు ముట్టుకోలేడు. చిక్కేమిటంటే ఆ గీత ఎక్కడుందో ఇప్పుడు వాడికి తప్ప ఎవరికీ తెలియదు. దారిన పోయేవాళ్లను ఆపి భేతాళుడిలా ప్రశ్న అడుగుతాడు, ప్రతి ప్రశ్నా ఒక పాత లంచం కథ. సరైన జవాబు చెప్తే ఒక పేరు బయటపెట్టి చెట్టెక్కుతాడు. తప్పితే ఆ పాత్ర ఒంట్లోని యంత్రమొకటి పనిచేయడం మానేస్తుంది. బఫర్ జోన్ మీద లేచిన టవర్లున్న కంపెనీ వాడికి నెలనెలా ఏదో పంపుతుంటుంది. ఏం పంపుతుందో, ఎందుకో కనిపెట్టడమే సగం క్యాంపెయిన్.

ఇందులో కాల్చడానికేమీ లేదని గొణిగే ఆటగాడు ప్రతి టేబుల్ దగ్గరా ఒకడుంటాడు. అతని కోసం కంపెనీ గార్డులు, డ్రోన్లు, రాత్రిపూట మట్టి తోలే టిప్పర్లు ఉన్నాయి. వాటికి హెచ్‌పీ ధారాళంగా వేయండి. తేలాల్సింది ఇంకొకటి. కాగితం రద్దు కావాలంటే ఎవరో ఒకరు అసలు గీతను కొలిచి, తన పేరుతో కొత్త మ్యాపు మీద సంతకం పెట్టాలి. అదే రాత్రి కంపెనీ మనిషి వచ్చి పాత గీత మీదే మళ్లీ సంతకం చేయమని ఊహకందని డబ్బు ఇస్తానంటాడు. జట్టులో ఒకడు ఒప్పుకుంటే గేమ్ మాస్టర్ అడ్డుపడకూడదు. అతని క్యారెక్టర్ షీట్ తీసుకుని తన ఫైల్లో పెట్టుకుని, కొత్త పాత్ర రాసుకోమని ఖాళీ షీట్ ఇవ్వాలి.